కరెంటు పోయినా వదలని ప్లేటు

విశ్వకర్మ పూజ రోజున కలకత్తా గ్యారేజీల్లో ఎవరూ పానా ముట్టుకోరు. పనిముట్లన్నీ విగ్రహం ముందు బంతిపూల కింద ఉంటాయి, మేస్త్రీలు కిచిడీ తిని మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తారు. వాట్‌గంజ్‌లో నేను ఏసీ మెకానిక్‌గా చేసిన గ్యారేజీలోనూ అంతే. మేం కిరస్తానీ వాళ్లం కాబట్టి మాకా పట్టింపు లేదు. అందుకే యజమాని ఆ రోజు మా నాన్నని రమ్మన్నాడు. అర్జెంటు బండి వస్తే ఆయన చేతిపని చూస్తానని, నచ్చితే పనిలో పెట్టుకుంటానని చెప్పాడు.

ఆ మాట అనిపించడానికి నేను మూడు నెలలు యజమాని చుట్టూ తిరిగాను. నాన్న రేవులో క్రేన్ల ఎలక్ట్రీషియన్. పాత క్రేన్లు మూలపడ్డాక వాటితోపాటు ఆయన్నీ రిటైర్మెంటుకి ముందే ఇంటికి పంపేశారు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే డ్యూటీ ఖాకీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లకుండా మెట్ల మీద కూర్చునేవాడు. ఆ చొక్కా చూస్తే నాకు ముందు ఏడుపొచ్చేది, తర్వాత కోపమొచ్చేది.

పదకొండింటికి ఒక తెల్ల కారు వచ్చింది. ఏసీ స్విచ్ కట్టేసినా ఆగడం లేదట, ఆ భారానికి సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతోందట. కారాయన మధ్యాహ్నం తల్లిని ఆస్పత్రి నుంచి తెచ్చుకోవాలి. యజమాని నాన్న వైపు చెయ్యి చూపించాడు.

నాన్న ఇంజిన్ ఆన్ చేయించి, బానెట్ ఎత్తాడు. ఏసీ కంప్రెసర్‌కి ముందు ఒక ప్లేటు ఉంటుంది. స్విచ్ వేస్తే కరెంటు వచ్చి ఆ ప్లేటుని అయస్కాంతం పట్టుకుంటుంది, కంప్రెసర్ తిరుగుతుంది. కట్టేస్తే వదిలేస్తుంది. ఇక్కడ స్విచ్ కట్టేసి ఉన్నా ప్లేటు గిర్రున తిరుగుతూనే ఉంది. నాన్న రేవు నుంచి తెచ్చుకున్న టెస్ట్ ల్యాంపు తీశాడు. హోల్డరుకి రెండు తీగలు కట్టిన చిన్న బల్బు అది. దాన్ని కంప్రెసర్ వైరుకి ఆనించాడు. బల్బు వెలగలేదు.

నాకు అక్కడే తెలిసిపోయింది. కరెంటు రాకపోయినా ప్లేటు వదలడం లేదంటే తప్పు వైరుది కాదు. ప్లేటు తుప్పుపట్టి అతుక్కుపోయింది. వానాకాలం నీళ్లలో మునిగిన బళ్లకి ఇది మామూలే.

నాన్న నవ్వాడు. ఎన్నాళ్లకో చూశానా నవ్వు. "దొరికిందిరా. కరెంటు అందట్లేదు. అందుకే ఒగ్గట్లేదు," అన్నాడు.

ముప్పయ్యేళ్లు ఆయన చూసినవి క్రేను బ్రేకులు. వాటి పద్ధతి దీనికి తలకిందులు. కరెంటు ఇస్తే వదులుతాయి, కరెంటు పోతే పట్టేస్తాయి, పైనున్న బరువు ఎవరి నెత్తినా పడకుండా. ఈ ప్లేటు కూడా అంతేననుకున్నాడు, వదలాలంటే కరెంటు ఇవ్వాలని.

యజమాని పక్కనే నిలబడి ఉన్నాడు. "నాన్నా, ఇది రివర్సు" అంటే చాలు. నలుగురిలో నాన్న పరువు పోతుందని నోరు మూసుకున్నాను. పరువట! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నాన్న బ్యాటరీ నుంచి కంప్రెసర్‌కి నేరుగా ఒక తీగ లాగాడు. ప్లేటు తిరుగుతూనే ఉంది. కరెంటు సరిపోలేదనుకుని లావు తీగ వేశాడు. అది వేడెక్కిన సైలెన్సర్ గొట్టానికి ఆనింది. తొడుగు కరిగి, లోపలి రాగి ఇనుముకి తగిలి నిప్పులు లేచాయి. బానెట్ కింద నల్లగా పొగ కమ్మింది. యజమాని పరుగెత్తి విగ్రహం ముందున్న పానా లాక్కొచ్చి బ్యాటరీ ఊడదీశాడు. పూజ రోజున ఆయన చేత పానా పట్టించింది మేమే.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నాన్న భుజం మీద చెయ్యి వేసి, "ఆప్ని బొషున్ కాకా," అన్నాడు. మీరు కూర్చోండి బాబాయ్ అని. కారాయన ట్యాక్సీ వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. యజమాని చూపించిన కుర్చీలోనే నాన్న చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు కాలిన తీగలు మార్చి, ప్లేటు విప్పి, తుప్పు గీకి, వెనక పల్చటి వాషరు వేశాను. స్విచ్ కట్టేయగానే ప్లేటు ఆగింది. ప్లేటు పని అరగంటకన్నా ఎక్కువ పట్టలేదు.

సాయంత్రం మెట్ల మీద నాన్న అడిగాడు.

"ఏటైందిరా ఆ బండి?"

"బాగైంది. ప్లేటు తుప్పట్టీసింది."

"అయితే కరెంటు పోతే ఒగ్గీయాలన్నమాట. మా క్రేను బ్రేకులైతే అట్టుకుంటాయి," అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "ల్యాంపు ఎలగనప్పుడు నా పక్కనే ఉన్నావు గదేటి. నీకు తెల్సా?"

"తెల్దు నాన్నా."

"నాలుగేళ్లనుంచి అదే పని సేస్తన్నావు. తెల్దేటి?"

నేను గోళ్లలో ఇరుక్కున్న తుప్పు గీక్కుంటూ కూర్చున్నాను.

"రేవులో పక్కనోడు తప్పు సేస్తే కేకేసీవోళ్లం. ఎంత పెద్దోడైనా సరే. పనోడు గదా, ఇంటాడని," అన్నాడు. గొంతు పెంచలేదు. "నన్ను ముసిలోణ్ని సేసీసావురా."

ఆ తర్వాత కూడా ఆయన మెట్ల మీద రోజూ కూర్చునేవాడు. ఖాకీ చొక్కా మాత్రం మళ్లీ వేసుకోలేదు.