నర్సు కాదని చెప్పడానికి వెళ్ళాను

నేను అబద్ధం చెప్పలేదు, ఉన్నమాటే కొంచెం ముందుగా చెప్పాను. ఇలా నాకు నేను ఎన్నిసార్లు నచ్చజెప్పుకున్నానో లెక్కలేదు. ఒక్కసారి కూడా నమ్మలేకపోయాను.

నస్పూర్ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో నేను హెల్త్ కేర్ ట్రైనర్‌ని. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మామూలు సబ్జెక్టులతో పాటు ఏదో ఒక పని నేర్పించే కోర్సు అది. కరీంనగర్‌లో నర్సుగా చేసి చేసి విసిగిపోయి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. కాంట్రాక్టు ఉద్యోగం. పిల్లలు చేరకపోతే కోర్సు ఎత్తేస్తారు, దాంతో పాటు నన్నూ ఎత్తేస్తారు. అందుకని జూన్ వచ్చిందంటే నా ప్రాణం నా చేతిలో ఉండేది కాదు.

ఆ జూన్‌లో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాం. వచ్చిన వాళ్ళలో సగం మంది మళ్ళీ షిఫ్టుకు పోవాల్సిన వాళ్ళే. బొగ్గుబావిలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒకాయన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

“గీ కోర్సు చేస్తే ఏమైతది మేడం?”

రోగికి సాయం చేసే పని కొంచెం నేర్పుతాం, సర్టిఫికెట్ ఇస్తాం, ఆ తర్వాత ఇంటర్, నర్సింగ్ చదవాలి. ఇదీ చెప్పాల్సిన నిజం. ఇంతలో వెనక వరసలో ఇద్దరు లేచి చెప్పులు వెతుక్కోవడం కనిపించింది. “పది అయ్యేసరికి మీ బిడ్డ సగం నర్సు అయితది అన్నా” అనేశాను. ఆయన వెంటనే సంతకం చేశాడు. ఆయన్ను చూసి మిగతా వాళ్ళూ చేశారు. లేచిన ఇద్దరు మళ్ళీ కూర్చున్నారు.

ఆ అమ్మాయి చురుకైనది. రోగిని పక్కకు తిప్పడం, పక్క దుప్పటి మార్చడం, బీపీ చూడడం ఒకసారి చూపిస్తే చాలు. పదో తరగతికి వచ్చాక ఒకరోజు అందరూ వెళ్ళేదాకా ల్యాబ్‌లో ఆగింది.

“మేడం, మా బాపు వాడకట్టంత చెప్పిండు నేను నర్సునని. పొద్దున లేస్తే బీపీ చూడుమని అస్తున్నరు. ఒక తాత సూది తెచ్చుకొని ఏయుమన్నడు. నేను నర్సును కానని మా బాపుకు జర చెప్పున్రి.”

“నువ్వే చెప్పరాదు?”

“నేను చెప్తే భయపడుతున్న అంటుండు. మీరు చెప్తే ఇంటడు.”

అవి కొత్త బ్యాచ్ చేరే రోజులు. ఆయన మాట పట్టుకుని ఆ వాడ నుంచే నలుగురు పిల్లలు వస్తామన్నారు. “అడ్మిషన్లు కానీ, చెప్తా” అన్నాను. అడ్మిషన్లు అయ్యాయి. ఆ తర్వాత దసరా సెలవులొచ్చాయి, దీపావళి వచ్చింది. నాకు గుర్తు లేక కాదు. ఆయన దగ్గరికి వెళ్ళి, నేను ఆ రోజు నోటికొచ్చింది చెప్పానని ఒప్పుకోవడానికి ముఖం చెల్లలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

“మేడం, సెలైన్ ఎట్ల పెడ్తరు?”

“ఎవరికి?”

“మా అవ్వకు.”

పొద్దున ఏడింటికి రొట్టెలు చేస్తుండగా వాళ్ళమ్మ చేతిలోంచి రొట్టె జారిపోయిందట. మూతి వంకర పోయింది, మాట ముద్దయింది, కుడిచెయ్యి లేవలేదు. పక్షవాతం గుర్తులు క్లాసులో నేను చెప్పినవే. ఆ పిల్ల వాటిని పోల్చుకుంది కూడా. దవాఖానకు పోదాం బాపూ అంది. “నువ్వున్నవ్ గద బిడ్డా, బాటిల్ ఎక్కిస్తె లేస్తది” అని ఆయన సెలైన్ కోసం బండి మీద బయల్దేరాడు. ఆదివారం, దుకాణాలు మూసి ఉన్నాయి. మంచిర్యాల అంతా తిరిగి బాటిల్ దొరకబుచ్చుకుని వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. వాడకట్టు ఆడవాళ్ళంతా ఆ పిల్ల చేతుల వైపే చూస్తున్నారు. పదిహేనేళ్ళ పిల్ల. అంతమంది నర్సు అంటుంటే తనకే అనుమానం వచ్చి ఉంటుంది, సెలైన్ పెట్టడం కూడా నేను క్లాసులో ఎప్పుడో చెప్పే ఉంటానని.

నేను ఫోన్లో అరిచాను. వెంటనే అంబులెన్స్‌కు చెప్పమన్నాను. ఆసుపత్రికి నేను వెళ్ళేటప్పటికి డాక్టరు ఆయనతో మాట్లాడుతున్నాడు. పొద్దున్నే తెచ్చి ఉంటే ఇచ్చే సూది ఒకటి ఉండేదట. ఆయన బాటిల్ ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. నేను స్తంభం చాటున నిలబడ్డాను. ఇది దాచుకునే సంగతి కాదు, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎదురు పడలేక దాక్కున్నాను.

ఆవిడ బతికింది. కుడివైపు పోయింది, మాట పోయింది. ఆ అమ్మాయి సగం రోజులు బడికి రాకుండానే పది పాసైంది.

మళ్ళీ జూన్, మళ్ళీ మీటింగ్. నేను పిలవకుండానే ఆయన వచ్చాడు, కూతురు సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని.

“మా ఆమె పాణం మా బిడ్డే నిలవెట్టింది. ఇంట్ల నర్సు ఉంటే ఎవ్వలకు ఫికర్ లేదు” అన్నాడు అందరితో.

సీట్లన్నీ ఆ పూటే నిండాయి. నేను తల దించుకుని పేర్లు రాసుకున్నాను. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు.

గేటు దగ్గర ఆ అమ్మాయి ఆపింది. “కరీంనగర్ల నర్సింగ్ ఇంటర్ ఫారం రేపటిదాకనే మేడం. బాపు సంతకం పెడ్తలేడు. నర్సువే ఉండంగ మల్ల నర్సు సదువెందుకు అంటుండు. ఇప్పుడన్న చెప్తరా?”

మర్నాడు పొద్దున ఫారం నేనే తీసుకుని వెళ్ళాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్క మంచంలో ఆవిడ. ఆయన షిఫ్టు దిగి అప్పుడే స్నానం చేసి కూర్చున్నాడు. ఆ అమ్మాయి టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“అన్నా, మీ బిడ్డ నర్సు కాదు. ఆ రోజు నేను అట్ల చెప్పుడు తప్పు. సీట్లు నిండాలని చెప్పిన. ఇప్పుడు చదివితేనే నర్సు అయితది. అక్కను చూసుకునేతందుకు మనిషిని చూద్దాం, నేను కూడా తోడుంటా.”

ఒకేసారి అనేశాను. కోప్పడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“ఎరుకే మేడం” అన్నాడు. “దవాఖానల డాక్టర్ చెప్పిననాడే ఎరుకైంది.”

“మరి నిన్న మీటింగ్‌ల గట్లెందుకు చెప్పినవ్ అన్నా?”

భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

“అది నర్సు కాదంటే, గా పొద్దు నా పెండ్లాన్ని ఎవ్వల చేతుల పెట్టి పోయిన మేడం నేను? నర్సు చేతుల పెట్టి పోయిన అనుకుంటనే రెండు ముద్దలు లోపటికి పోతున్నయ్. గిప్పుడు నర్సు సదువుకు తోలితే, అప్పుడు కాదన్నట్టే గద. గా ఒక్క మాట తియ్యకున్రి. మీకు దండం పెడ్త.”

నిజంగానే చేతులు జోడించాడు. ఆ మాట ఆయనకు ఇచ్చింది నేనే. వెనక్కి తీసుకుంటే ఆయన ఏమైపోతాడో ఊహించే ధైర్యం లేదు, తీసుకోకపోతే ఈ పిల్ల ఏమవుతుందో కళ్ళ ముందే ఉంది. ఫారం నా బ్యాగులోనే ఉండిపోయింది.

ఆ అమ్మాయి అంతా విన్నది. నా వైపు చూడలేదు. గోడ గడియారం చూసి మంచం దగ్గరికి వెళ్ళింది. ఒక చెయ్యి తల్లి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి మెల్లగా పక్కకు తిప్పి, వీపు వెనక దిండు సర్దింది. రెండు గంటలకోసారి అలా తిప్పకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుందని క్లాసులో చెప్పింది నేనే. ఆ పిల్ల ఎక్కడా ఒక్క తప్పు చెయ్యలేదు.