వంగుడు మాస్టారు, వెండి పతకం

జూడో నేర్పే వంగుడు మాస్టారికి ఉన్న అలవాటు ఒక్కటే. ఎవరు ఎదురుపడినా నడుం వంచి నమస్కారం పెడతారు. జూడోలో చాప ఎక్కేముందు వంగాలి, దిగేముందు వంగాలి, ఎదుటివాణ్ణి కింద పడేసే ముందు కూడా మర్యాదగా వంగాలి. అందరూ ఆ వంగుడును చాప దగ్గరే వదిలేసి ఇంటికి పోతారు. మాస్టారు మాత్రం వెంట తెచ్చుకున్నారు. నలభై ఏళ్ళుగా బస్సు కండక్టరుకు వంగారు, పన్ను పీకిన డాక్టరుకు వంగారు, పీకిన పన్నుకూ వంగారు. ఒకసారి బట్టల దుకాణంలో నిలువుటద్దం ముందు వంగి, ఎదుటి పెద్దమనిషి లేవకుండా తాను లేవడం పద్ధతి కాదని పావుగంట అలాగే ఉండిపోయారు.

"పెళ్ళైన కొత్తలో నామీద గౌరవమేమో అనుకుని నేనూ వంగేదాన్ని" అనేది ఆయన భార్య. "ఆర్నెల్లలో తొమ్మిదిసార్లు తలలు గుద్దుకున్నాం. బొప్పి కట్టాక మానేశాను. ఆయన మానలేదు."

ఈ గొడవంతా ఇంట్లో ఉన్నంతకాలం మేనకోడలికి నవ్వులాటగానే ఉండేది. ఖండస్థాయి జూడో పోటీల్లో మైకు పట్టుకుని పతకాల ఫలితాలు చదివే ఉద్యోగం ఆమెది. ఈసారి పతకాలు పాత గురువుల చేత వేయించాలని జూడో సంఘం తీర్మానం చేసింది. వంగుడు మాస్టారి పేరు అందరికన్నా పైన రాసింది. రాసినవాళ్ళెవరూ ఆయనతో కలిసి లిఫ్టు ఎక్కినవాళ్ళు కాదు.

మొదటిరోజు నలభై నిమిషాల్లో ముగియాల్సిన పతకాల కార్యక్రమం రెండు గంటల పది నిమిషాలు సాగింది. పతకం వేసేముందు ఒక వంగుడు, వేశాక ఒకటి, పళ్ళెం పట్టుకున్న అమ్మాయికి ఒకటి, ఖాళీ అయిన పళ్ళేనికి ఒకటి. టీవీవాళ్ళు మధ్యలో వార్తలు వేసి, వాతావరణం చెప్పి, మళ్ళీ వచ్చి చూస్తే మాస్టారు ఇంకా వంగే ఉన్నారు.

సంఘం అధ్యక్షుడు మేనకోడల్ని పక్కకు పిలిచాడు. "చూడమ్మా, రేపు మనిషికి ఒక్క వంగుడు. రెండే సెకన్లు. మూడో సెకను పడిందో, మీ మావయ్యా ఇంటికే, నువ్వూ ఇంటికే."

ఆమె వెళ్ళి మావయ్యకు చెప్పింది.

"రెండు సెకన్లలో వంగి లేస్తే దాన్ని నమస్కారం అనరే, తుమ్ము అంటారు" అన్నారాయన.

"నా ఉద్యోగం మావయ్యా!"

"సరేలే. నీకోసం తుమ్ముతాను" అని మాటిచ్చి, ఆ మాటకు గౌరవంగా వంగారు. పదకొండు సెకన్లు.

రెండోరోజు మాత్రం అద్భుతం జరిగింది. మాస్టారు గడియారం ముల్లులా వంగి లేస్తున్నారు. ఒకటి, రెండు, లేచారు. ఒకటి, రెండు, లేచారు. అధ్యక్షుడు మొదటిసారి కుర్చీకి ఆనుకుని కూర్చున్నాడు. అంతలో యాభై ఏడు కిలోల అమ్మాయిల ఫైనల్ వచ్చింది.

ఆ హాల్లో సగంమంది వచ్చింది ఆ పోటీ చూడ్డానికే. ఆతిథ్య జట్టు అమ్మాయికి బంగారం ఖాయమని అందరూ తీర్మానించేశారు. ఆ అమ్మాయి చాప ఎక్కింది, వంగింది, ఎదుటి పిల్ల కాలర్ పట్టుకుంది. తర్వాత చూస్తే హాలు పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. వీపు చాపకు తగిలితే ఆట ముగిసినట్టే. మొత్తం తొమ్మిది సెకన్లు. జూడోలో ఉన్న అన్యాయం ఇదే. కంచు పతకం ఇద్దరికిస్తారు, అది ఆఖరి పోటీ గెలిస్తే వస్తుంది, వెండి పతకం ఆఖరి పోటీ ఓడితే వస్తుంది. అందుకే కంచు వచ్చిన ఇద్దరూ వేదిక మీద పెళ్ళికొచ్చినట్టు నవ్వుతుంటే, వాళ్ళకన్నా పైమెట్టు మీద నిలబడ్డ ఈ పిల్ల గడ్డం వణుకుతోంది. పైన గోడంత తెర మీద ఆ గడ్డం గుమ్మం అంత కనిపిస్తోంది. కెమెరా అతను ఇంకా దగ్గరికి వచ్చాడు. కన్నీటి బొట్టు రాలితే పట్టుకుందామని గుంట నక్కలా కాచుకున్నాడు.

మాస్టారు వెండి పతకం మెడలో వేశారు. వంగారు. గురువు వంగితే శిష్యులు వంగాలి, గురువు లేచేదాకా లేవకూడదు. ఆ పిల్లా వంగింది.

ఒకటి. రెండు. మూడు.

అధ్యక్షుడు కుర్చీలోంచి లేచాడు. పది. బంగారం పిల్ల అటూఇటూ చూసి, తానొక్కతే నిలబడితే బాగుండదని వంగింది. కంచు పతకాలు రెండూ వంగాయి. పళ్ళెం పట్టుకున్న అమ్మాయి వంగింది. ముప్ఫై. రిఫరీలు వరసగా వంగారు. ప్రేక్షకులు మౌనం పాటించమన్నారనుకుని లేచి నిలబడ్డారు.

"ఎవరు పోయారు?" అని ఒకాయన గుసగుసగా అడిగాడు.

"నా ఉద్యోగం" అనుకుంది మేనకోడలు. మైకు కట్టేసి, మావయ్యను లేపుదామని వంగుతూనే దగ్గరికి నడిచింది. అక్కడ, మోకాళ్ళ ఎత్తులో, ఇద్దరూ మాట్లాడుకోవడం వినిపించింది.

"ఏడువమ్మా, తీరిగ్గా ఏడువు. నేను లేచేదాకా నీ మొహం ఎవరికీ కనపడదు."

"మీకు... నడుం నొప్పి రాదా మాస్టారూ?"

"నలభై ఏళ్ళ సాధన తల్లీ. నువ్వు కానివ్వు."

కాసేపు వెక్కిళ్ళు. తర్వాత ముక్కు ఎగపీల్చిన చప్పుడు.

"అయిందా?"

"అయింది. కానీ ముక్కు..."

"జూడో చొక్కాకి అంతంత చేతులు పెట్టింది దేనికనుకున్నావ్? తుడుచుకో."

"తుడుచుకున్నా. ఇక లేద్దాం మాస్టారూ."

మాస్టారు లేవలేదు.

"మాస్టారూ?"

"నువ్వు లేమ్మా. నాది పట్టేసింది."

ఆ పిల్ల పకాలున నవ్వింది. నవ్వుతూనే ఆయన్ను ఒక పక్క పట్టుకుంది. తనను తొమ్మిది సెకన్లలో పడేసిన బంగారం పిల్ల దిగివచ్చి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి మాస్టారిని మడత మంచం విప్పినట్టు విప్పి నిలబెట్టారు. కెమెరాకు దొరికింది ఆ నవ్వే. హాలంతా చప్పట్లు.

అధ్యక్షుడు ఎర్రటి మొహంతో పరిగెత్తుకొచ్చాడు. "మూడు నిమిషాల పన్నెండు సెకన్లు!"

"పెద్దాయన, నడుం పట్టేసిందండీ" అంది మేనకోడలు. అబద్ధం కాదు కనక గొంతు తడబడలేదు.

మాస్టారిని కుర్చీలో కూలేసి, వీపుకు ఐసు ముక్కల సంచీ ఆనించింది. "మావయ్యా, నలభై ఏళ్ళ వంగుళ్ళూ ఇందుకేనా?"

"అబ్బే, నూటికి తొంభై ఊరికేనే. రోజూ ఊరికే వంగే పిచ్చోడనుకుంటేనే కదా, అవసరం పడ్డరోజున ఎవరికీ అనుమానం రానిది?"

ఇంతలో అధ్యక్షుడు పతకాల పళ్ళెం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మిగిలింది మగవాళ్ళ వంద కిలోల పైబడ్డ విభాగం ఒక్కటే. నువ్వే వేసెయ్. రెండు సెకన్లు. నీ నడుం బాగానే ఉందిగా?"

వెండి పతకం మెట్టు మీద నూట నలభై కిలోల మనిషి నిలబడి ఉన్నాడు. మెడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు కానీ, గుబురు గడ్డం మాత్రం గాలి లేకుండానే ఊగుతోంది. కెమెరా అతను మెల్లగా దగ్గరికి జరుగుతున్నాడు.

ఆమె పతకం వేసింది. కెమెరా వైపు ఒకసారి చూసింది. వంగింది. ఎదురుగా బీరువా ఒరిగినట్టు అతనూ వంగాడు.

ఒకటి. రెండు. మూడు.

"అయ్యో దేవుడా, ఇది అంటుకుంటుందా!" అని వెనక నుంచి అధ్యక్షుడి గొంతు వినిపించింది.

"కానివ్వండి" అంది ఆమె నేలను చూస్తూ. "నా నడుం కొత్తది. తొందరేం లేదు."