ఒక్క లాగుడుకే అందుకున్న జనరేటర్

ఆ మెకానిక్‌కి చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. జనరేటర్ బాగుచేయమని పిలిస్తే ముందు పిలిచినవాణ్ణి బాగుచేసేవాడు. "పెట్రోలు పోశారా, గంగాళం కడిగిన నీళ్లు పోశారా? మీ అల్లుడికైనా ఇలాగే పెడతారా?" అని దులిపేశాకే స్పానర్ తీసేవాడు. జనం కిక్కురుమనకుండా పడేవాళ్లు. ఎందుకంటే ఆయన చెయ్యి పడ్డ మిషన్ మళ్లీ మొరాయించదని పేరు. ఇల్లూ వాకిలీ లేని మనిషికి ఆ పేరొక్కటే ఆస్తి.

దానికే ఎసరొచ్చింది.

ఊరికి దూరంగా గుట్ట మీద ఒక ఇల్లుంది. కరెంటు స్తంభాలు గుట్ట కిందే ఆగిపోయాయి. పైకప్పు మీద సోలార్ పలకలు, లోపల బ్యాటరీలు, మబ్బు పట్టిన రోజులకి ఒక జనరేటర్. ఆ ఇంటాయన ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మిషన్ మీదే బతికేవాడు. ముసురు పట్టి బ్యాటరీలు అడుగంటిన మధ్యాహ్నం, జనరేటర్ కాసేపు తిరిగి ఆగిపోయింది. ఎంత లాగినా మళ్లీ అందుకోలేదు. వానకి దారి తెగి అంబులెన్సూ రాలేదు. సాయంత్రానికి ఆయన లేడు.

ఆ జనరేటర్‌కి సర్వీసింగ్ చేసింది మన మెకానిక్కే. "వాడి చేతగానితనం మా అన్నని మింగేసింది" అని పోయినాయన తమ్ముడు బజారంతా చాటేశాడు. ఆ మాట విన్న రాత్రి మెకానిక్‌కి కంటి మీద కునుకు లేదు. జాలితో కాదు, పాపం, కోపంతో. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని గుట్టెక్కాడు.

ఆయన సర్వీసింగ్ చేసినప్పుడు ముందు వరండాలో ఉన్న జనరేటర్, ఇప్పుడు వంటింటి వెనక వాలులో ఉంది. చూడగానే విషయం బోధపడింది. వాలులో పెడితే లోపలి ఆయిల్ ఒక పక్కకి జారిపోతుంది. ఆయిల్ అయిపోయిందనుకుని, కాలిపోకుండా ఇంజన్ తనంతట తనే ఆగిపోతుంది. ఇక తాడు తెగేదాకా లాగినా అందుకోదు.

గుమ్మంలో పోయినాయన భార్య నిలబడి ఉంది. రెండు అరచేతులకీ గుడ్డ చుట్టి ఉంది. తాడు లాగి లాగి బొబ్బలు లేచి పగిలాయట. ఆ చేతులు చూశాక మెకానిక్‌కి తిట్టడానికి నోరు రాలేదు.

"ప్లగ్గు పోయినట్టుందమ్మా. షాపుకి తీసుకెళ్లి చూస్తా," అని అసలు సంగతి దాచి గొణిగాడు.

"విన్నావా వదినా!" లోపల్నుంచి వచ్చిన తమ్ముడు ఎగిరిపడ్డాడు. "సర్వీసింగ్ చేసి నెల తిరగలేదు, ప్లగ్గు పోయిందట! ఇంకా ఎంతమందిని చంపుతావయ్యా నువ్వు?"

అంతే, మెకానిక్‌కి ఒళ్లు తెలియలేదు. జనరేటర్‌ని బరబరా ఈడ్చుకొచ్చి వరండాలో చదునుగా పెట్టి, ఒక్క లాగు లాగాడు. గుర్రుమని అందుకుంది.

"విను, చెవులారా విను! మిషన్‌కి ఏ రోగమూ లేదు. దీన్ని వాలులోకి తోసిన మహానుభావుడెవరో పట్టుకో. మీ అన్నని చంపిందెవరో వాణ్ణే అడుగు!"

మెకానిక్ మీసం తిప్పినంత పని చేశాడు. అప్పుడు ఆవిడ దగ్గరికొచ్చింది.

"నేనే తోశాను అన్నయ్యా," అంది. "ఈ మోతకి ఆయనకి నిద్ర పట్టేది కాదు. వెనక్కి పెడితే కాస్త కునుకు తీస్తారని..."

మెకానిక్ గబుక్కున ఇంజన్ ఆపేశాడు. "అది కాదమ్మా, ప్లగ్గు కూడా... పాతది కదా..." అన్నాడు. అంతటి నోరుగల మనిషికి ఆ రోజు ఒక్క అబద్ధం అతకలేదు.

ఆవిడ మరిదితో, "అన్నయ్యని ఇంకేమీ అనకు. ఆయన తప్పేం లేదు. బజారులో కూడా అదే చెప్పు," అంది.

ఆ మాట కోసమే కదా ఆయన గుట్టెక్కింది! తీరా అది చెవిన పడ్డాక, నన్నే తిట్టవయ్యా, నా పేరే మట్టిలో కలుపు అని ఆ తమ్ముడి కాళ్లు పట్టుకోవాలనిపించింది.

తమ్ముడు మాత్రం ఆయనకి రెండు చేతులూ జోడించి, "క్షమించన్నా, తెలియక అన్నాను," అన్నాడు. వదిన ముఖం వైపు చూడనే లేదు.