పచ్చ లైటు, చల్లబడని వాల్వు

1994 జూన్‌లో బొల్లారంలోని ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో నాకు షిఫ్ట్ ఇన్‌చార్జిగా ప్రమోషన్ వచ్చింది. మూడు రియాక్టర్లు, అంటే రసాయనాలను కలియదిప్పే పెద్ద ఉక్కు పాత్రలు, ఆరుగురు ఆపరేటర్లు నా కింద ఉండేవారు.

ఆపరేటర్లలో వయసులో పెద్దవాడు మల్లేశం, కాజీపల్లి రైతు. ఏ వాల్వు తిప్పబోయినా ఒక్క క్షణం ఆగి, దాని మీద చేయి ఆనించి, నంబరు చదివి, చేయబోయే పని పైకి చెప్పుకునేవాడు. "ఆరో నంబర్. బ్రైన్ తెరుస్తున్న." బ్రైన్ అంటే రియాక్టర్‌ను చల్లబరిచే, గడ్డకట్టని ఉప్పునీరు. ఆ తర్వాతే తిప్పేవాడు. చాయ్ తాగేటప్పుడూ అంతే, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఇంకో మాట ఉండదు. తోటివాళ్లు నవ్వేవారు. నాకేమో విసుగు.

"జెర జల్దీ కానియ్యి మల్లేశన్నా" అన్నానొకసారి. ఆయన ఎడమచేతి చూపుడువేలు చూపించాడు. పై కణుపు లేదు. "గడ్డి కోసే మిషన్ కాడ ఇంకేందో సోచాయించిన సార్. గప్పటిసంది చెయ్యి యాడుంటే మనసును గాడనే ఉంచుతున్న."

నెల తిరక్కముందే, ఒక ఉదయం షిఫ్టులో, వేడి పుట్టించే రసాయనాన్ని చుక్కచుక్కగా కలిపే పని పడింది. అప్పుడు రియాక్టర్ చుట్టూ బ్రైన్ తిరుగుతూ ఉండాలి. వేడి ఐదు డిగ్రీలు దాటకూడదు, అదుపు తప్పితే రియాక్టరే పేలిపోవచ్చు. మర్నాడు రాబోయే తనిఖీ గురించి ఆలోచిస్తూ, ప్యానెల్ మీద పచ్చ లైటు చూసి, బ్యాచ్ షీట్‌లో 'బ్రైన్ తిరుగుతోంది' అన్నచోట టిక్కు పెట్టేశాను. చుక్కలు మొదలయ్యాయి.

బ్రైన్ ఇంకాస్త పెంచడానికి మల్లేశం దాని వాల్వు మీద చేయి పెట్టాడు. "సార్! సల్లగ లేదు!"

"లైటు వెలుగుతుంది గదా?"

"లైటు సంగతి నాకెర్క లేదు సార్. వాల్వు సల్లగ లేదు!"

థర్మామీటర్ చూశాను. ఏడు. చూస్తుండగానే తొమ్మిది! చుక్కల వాల్వు కట్టేశాను. మల్లేశం అప్పటికే మెట్లు దిగి పంపుల దగ్గరికి పరుగెత్తాడు. కింది నుంచి కేక వినిపించింది. "మోటర్ తిరుగుతుంది, పంపు తిరుగుతలేదు! కప్లింగ్ ఇరిగింది సార్!" మోటారునూ పంపునూ కలిపే ముక్క అది. మోటారుకు కరెంటు అందితే చాలు, ఆ లైటు వెలుగుతుంది.

"రెండో పంపు చాలూ చెయ్యి!" అని పైనుంచి అరిచాను.

పన్నెండు. పదహారు. పద్దెనిమిది. ముల్లు అక్కడ ఆగింది. పదిహేడు! "దిగుతుంది మల్లేశన్నా, దిగుతుంది!" అని అరుస్తూ రెండేసి మెట్లు దూకి వెళ్లి ఆయన్ని వాటేసుకున్నాను. నా హెల్మెట్ ఊడి ఎటో దొర్లిపోయింది. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

తర్వాత ఆ టిక్కును ఒక గీతతో కొట్టేసి, జరిగింది రాసి, సంతకం పెట్టి, షీట్‌ను మేనేజర్ ముందు పెట్టాను. చూడకుండా టిక్కు పెట్టానని ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. మల్లేశాన్ని పిలిచి, వాల్వు దగ్గర ఏం చేస్తాడో చేసి చూపించమన్నాడు. వారం లోపే అది బ్యాచ్ షీట్‌లో ఒక నియమంగా చేరింది: ఆగాలి, తాకాలి, పైకి చెప్పాలి.

నేనూ కొన్ని అలవాట్లు చేసుకున్నాను. ఒక ఫైలు మూశాకే ఇంకోటి తెరిచేవాణ్ని. అన్నం తింటూ పేపరు చదవడం మానేశాను. సంతకానికి ముందు ఆ పని జరిగిన చోటికి వెళ్లి నిలబడేవాణ్ని. రిటైరయ్యేదాకా కొత్తగా చేరినవాళ్లకు నేర్పింది ఇదే. జాగ్రత్తగా ఉండమని చెప్తే ఎవరికీ జాగ్రత్త రాదు. ఎక్కడ ఆగాలో, దేన్ని తాకాలో చెప్తే వస్తుంది.