నీళ్ల ఒప్పందం చూపించమన్న అంకుల్

ఈ పరాయిదేశంలో, బిషాన్‌లో నేను గది అద్దెకు తీసుకున్న ఫ్లాట్ యజమాని అంకుల్ పోయారు. లైబ్రరీలో ఉండగా ఆంటీ ఫోన్ చేసి, "అమ్మాయ్, అంకుల్ ఇక లేరు. ఆస్పత్రికి రా" అన్నారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆయన మూడేళ్లుగా అడుగుతున్న కాగితం ఇంకా రాలేదు.

ఆ కాగితం సంగతి మీకు చెప్పాలి. కోస్తాలో ఆయన పుట్టిన ఊళ్లో మంచినీటి ప్లాంటును మున్సిపాలిటీ, ఒక ప్రైవేటు కంపెనీ భాగస్వామ్యంలో నడుపుతున్నాయి. ఒక వేసవిలో ఆయన అక్కగారి వీధంతా కామెర్లు. ఆవిడ నెల రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. నీళ్లను ఎన్నాళ్లకోసారి పరీక్షించాలో, ఫలితం ఎవరికి చూపాలో ఆ ఇద్దరి మధ్య ఒప్పందంలోని ఆరో షెడ్యూలులో ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద అక్కగారి చేత దాన్ని అడిగించారు. అది వ్యాపార రహస్యమని జవాబొచ్చింది.

"తాగే నీళ్లకి రహస్యమేంటమ్మా? ఆవకాయ కంపెనీ పెట్టారా, పాళ్లు దాచుకోడానికి?" అన్నారు అంకుల్.

ఆయన ఏ ఒప్పందాన్నైనా వెనక నుంచి చదివేవారు. ముందు పేజీలు శుభలేఖలాంటివనీ, ఎవరు ఏం చెయ్యాలో చివర్లో ఉంటుందనీ అనేవారు. ఇక్కడి జురాంగ్ ఐలాండ్ కెమికల్ ప్లాంట్లలో ముప్పయ్యేళ్లు పనిచేశారు. అక్కడ పర్మిట్ కాగితం పని జరిగేచోటే వేలాడాలి. ఎవరు తనిఖీ చేశారో సంతకంతో సహా అందరికీ కనిపించాలి. అది లేకపోతే ఏ వెల్డరైనా పని ఆపెయ్యొచ్చు. ఆయన కోరిన చట్టమూ అంతే: బయటపెట్టని ఒప్పందం చెల్లకూడదు. అడిగితే ఇవ్వడం కాదు, అడగకముందే ప్లాంటు గేటుకి తగిలించాలి.

హాకర్ సెంటర్‌లో తినడానికి వెళ్తే, టేబుల్‌ని చోప్ చెయ్యడానికి, అంటే మాదని ఆపుకోడానికి, టిష్యూ ప్యాకెట్ పెట్టి, "చూశావా, దీన్ని ఎవడూ కదపడు. మన దగ్గర చట్టానికి ఈపాటి మర్యాద ఉంటే చాలు" అని నవ్వేవారు.

అక్కగారి పేరు మీద రెండో దరఖాస్తు నేనే టైప్ చేశాను. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన పద్ధతిలో, వినయంగా, "ఎందుకు ఇవ్వలేకపోయారో దయచేసి తెలియజేయగలరు" అని రాశాను. ఆ చట్టం కింద రికార్డు అడగాలి, కారణం అడగకూడదట. కోరినది సమాచారమే కాదని తిప్పి పంపారు. ఆర్నెల్లు పోయాయి.

నేను తలొంచుకుని నిలబడితే అంకుల్ కోప్పడలేదు.

"మీ సిస్టర్లు నీకు అడగడం నేర్పలేదే. బతిమాలడం నేర్పారు."

"సారీ అంకుల్."

"ఇదిగో, మళ్లీ అదే! కూర్చో. 'ఆరో షెడ్యూలు నకలు ఇవ్వండి' అని కొట్టు. ప్లీజ్ రాశావంటే నీకు కాఫీ లేదు."

ఒక్క వాక్యంతో మూడో దరఖాస్తు వెళ్లింది. జవాబు రాకుండానే ఆయన వెళ్లిపోయారు. ఆ ఆర్నెల్లకు నన్ను నేను క్షమించుకోలేను. కానీ నా ఒక్క పదం పట్టుకుని ఆర్నెల్లు దాక్కున్నవాళ్లను అసలు క్షమించను. భూమి ఊరిది, చెరువు ఊరిది, ఆ నీళ్లు పడే కడుపులు ఊరివి. కాగితం మాత్రం వాళ్లిద్దరిదీ.

ఆయన పోయిన పదకొండో రోజున అక్కగారు జవాబు పేజీలను ఫొటోలు తీసి పంపారు. "ఇదేంటో నాకర్థం కాలేదమ్మా. నేనైతే ఇవాళా నీళ్లు కాచే తాగాను" అన్నారు ఫోన్లో.

"ప్రింట్ తియ్యి. ఆయన ఏదీ ఫోన్లో చదివేవారు కాదు" అన్నారు ఆంటీ.

తీశాను. ప్రతి పేజీలోనూ పై నుంచి కింది దాకా అక్షరాలను కప్పేస్తూ నల్లటి పట్టీలు. ఆరో షెడ్యూలు అన్న శీర్షిక, పేజీ నంబర్లు మాత్రం వదిలారు. ఏడో పేజీకి ప్రింటర్లో నల్ల ఇంకు అయిపోయింది. మిగతావి బూడిదరంగు చారలతో వచ్చాయి.

ఆంటీ అందులోంచి ఒక పేజీ తీసుకుని వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లారు. కళ్లద్దాలు పైకి జరుపుకుని, కాగితాన్ని ఎండకి ఎదురుగా పట్టుకుని, ఆ పట్టీల వెనక ఒక్క అక్షరమైనా కనిపిస్తుందేమోనని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.