గ్లాసు మీది నీళ్లు

సైన్సు పాఠం ఎంత చెప్పినా మా క్లాసు పిల్లలు నోరు విప్పకపోయేటోళ్లు. చొప్పదండి బడిల ఒక మేడం బాగ చెప్తదని విని, ఆమె క్లాసు చూద్దామని జమ్మికుంట నుంచి పోయి వెనుక బెంచీల కూసున్న.

ఆమె స్టీలు గ్లాసుల ఐసు నీళ్లు పోసి బల్ల మీద పెట్టింది. కాసేపటికి గ్లాసు బయట చుక్కలు లేచినయి. "గివి యాడికెల్లి వచ్చినయి?" అని అడిగి ఊకుంది.

"గ్లాసు కారుతుంది మేడం" అన్నడొక పిలగాడు.

తప్పని చెప్పలే. "కారుతుందో లేదో ఎట్ల తెలుస్తది?" అన్నది.

పిల్లలు గుసగుసలు పెట్టిండ్రు. నాకు కాలు నిలుస్తలేదు. గాలిల ఉన్న ఆవిరి అని లేచి చెప్పాలనిపించింది. ఆఖరికి ఒకమ్మాయి నీళ్లల్ల కుంకుమ కలుపుదామన్నది. కలిపిండ్రు. బయటి చుక్కలు ఎర్రగ కాలే. ఇంతల గంట కొట్టింది.

"జవాబు చెప్పకుంటనే పంపిండ్రేంది మేడం?" అని అడిగిన.

"జర ఆగుండ్రి సార్. రేపు వాళ్లే చెప్తరు."

బస్సుల కుదురుగ కూసోలేకపోయిన. తెల్లారి మా క్లాసుల అట్లనే ఐసు నీళ్లు పెట్టి అదే ప్రశ్న అడిగిన. ఆ మేడం లెక్కనే ఆగిన. నా చేతిల చాక్‌పీసు పొడి పొడి అయ్యింది.

"గ్లాసుకు చెమట పట్టింది సార్" అన్నది ఎన్నడూ గొంతు వినిపించని ఒక పిల్ల.

"చెమటేనని ఎట్ల తెలుస్తది బిడ్డా?"

ఆ పిల్ల లేచి వచ్చి, ఒక చుక్కను వేలితోని అద్దుకొని నాకింది. "ఉప్పగ లేదు సార్. చెమట కాదు."

బెంచీకి పోకుండ గ్లాసునే చూస్తూ నిలబడ్డది. నేను నోరు గట్టిగ మూసుకొని పక్కనే నిలబడ్డ.