ట్రే లేని మెషీన్

కెనడాలో, ఒషావా నుంచి స్కార్‌బరో వెళ్లే బస్సు నిండా నాలాంటి స్టూడెంట్లే. కాలేజీలో నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం రెండోసారి కూడా ఫెయిలైందని ఫోన్‌లో రూమ్మేట్‌కి గోడు వెళ్లబోసుకుని పక్కకి చూశాను. పక్క సీటు పెద్దాయన లాప్‌టాప్‌లో చెర్రీలు, నిమ్మకాయలు గిర్రున తిరుగుతున్నాయి. ఈ వయసులో, పొద్దున్నే జూదమేంటి అనుకున్నాను.

నా మొహం చూసి పసిగట్టినట్టున్నారు.

"జూదం కాదు బాబూ. కాసినోలో ఇరవై ఏళ్లు ఈ స్లాట్ మెషీన్లు రిపేర్ చేశా. మొదట నా చేతికొచ్చింది ఇదే. తుక్కుకి పంపేస్తుంటే అడిగి, దాన్లోని ప్రోగ్రాం కాపీ చేసుకున్నా" అన్నారు తెలుగులోనే.

"మరి లాప్‌టాప్‌లో ఎలా నడుస్తోంది అంకుల్?"

"ఇంకా ఆ మెషీన్‌లోనే ఉన్నట్టు ప్రోగ్రాంని నమ్మించాలి. తలుపు మూసే ఉందని, లోపల కాయిన్స్ నిండుగా ఉన్నాయని, అన్నీ మనమే చెప్పాలి. ఒక్కటి మర్చిపోయినా స్టార్టవదు. నాకు రెండేళ్లు పట్టింది. ఏదీ, నువ్వు నొక్కు."

నొక్కాను. మూడు చెర్రీలు వరసగా ఆగాయి. నాణేలు గలగలా రాలుతున్న చప్పుడు మొదలైంది. వెంటనే ఆయన చెయ్యి లాప్‌టాప్ అంచు కిందికి వెళ్లి, అరచెయ్యి తెరుచుకుంది. ఇద్దరం ఆ ఖాళీ చేతినే చూశాం.

"కాయిన్స్ అన్నీ కింద ట్రేలో పడుతున్నాయో లేదో చూడ్డం నా డ్యూటీ కదా, అలవాటు పోలేదు" అని పకపకా నవ్వారు.

ఆయన పేరు అడగలేదు. ఇప్పుడు ప్రోగ్రాములు రాయడమే నా ఉద్యోగం. రోజుల తరబడి మొరాయించింది ఒక్కసారిగా సరిగ్గా నడిస్తే, పక్కన ఎవరున్నా సరే, నా చెయ్యి లాప్‌టాప్ కిందికి వెళ్తుంది.